ఇంగ్లండ్‌లో రెండుసార్లు అడిగే ప్రశ్న: జెండా, వలస, కులం

2025 వేసవిలో బర్మింగ్‌హామ్‌లో మొదలై ఇంగ్లండ్‌లోని అనేక పట్టణాల్లో కరెంటు స్తంభాలకు సెయింట్ జార్జ్ జెండాలు వెలిశాయి. తెల్ల బట్ట మీద ఎర్ర శిలువ. కట్టినవాళ్లు దేశాభిమానం అన్నారు. ఆ వీధుల్లోనే ఉంటున్న వలస కుటుంబాల్లో చాలామందికి అది తమను బయటికి నెట్టే సంకేతంగా కనిపించింది. అదే ఏడాది మొదట్లో మరో చర్చ నడిచింది. సౌతాంప్టన్‌లో పుట్టి, దేశానికి ప్రధానమంత్రిగా చేసిన రిషి సునాక్ 'ఇంగ్లిష్' అవుతాడా, కాడా? లండన్‌లో పుట్టి హోంమంత్రిగా చేసిన సువెల్లా బ్రేవర్మన్ తాను ఇంగ్లిష్ కాలేనని స్వయంగా రాసింది.

ఈ వాదనలో 'బ్రిటిష్' వేరు, 'ఇంగ్లిష్' వేరు. మొదటిది పాస్‌పోర్టుతో వస్తుంది. రెండోది పుట్టుకతో వస్తుంది. ఎంత చదివినా, ఎంత పదవి చేసినా, ఏ తల్లికి పుట్టావన్నదే చివరి మాట. ఈ తర్కం మనకు కొత్త కాదు. ఇక్కడ దాని పేరు కులం.

చట్టం కూడా చాలాకాలం ఇలాగే నడిచింది. 1948 జాతీయతా చట్టం వలస రాజ్యాల ప్రజలందరినీ ఒకే పౌరసత్వం కిందికి తెచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే కరీబియన్ కార్మికులతో విండ్రష్ ఓడ టిల్బరీ రేవుకు చేరింది. యుద్ధంలో దెబ్బతిన్న దేశానికి కార్మికులు కావాలి. అవసరం తగ్గగానే తలుపులు మూసుకోవడం మొదలైంది. 1962 చట్టం వోచర్ల పద్ధతి పెట్టింది. 1968లో కెన్యా నుంచి వస్తున్న ఆసియన్లను ఆపడానికి లేబర్ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే మరో చట్టం తెచ్చింది. బ్రిటిష్ పాస్‌పోర్టు చేతిలో ఉన్నా, తల్లో తండ్రో, తాతో అవ్వో బ్రిటన్‌తో సంబంధం ఉన్నవాళ్లయితేనే స్వేచ్ఛగా ప్రవేశం. అంటే వంశాన్ని నేరుగా చట్టంలో రాశారు. ఆ లెక్క ఎంత దూరం పోయిందంటే, చిన్నప్పుడే చట్టబద్ధంగా వచ్చి స్థిరపడిన కరీబియన్ సంతతి వృద్ధులు కాగితాలు చూపలేక ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకున్నారని, కొందరిని దేశం నుంచే పంపేశారని 2018లో బయటపడింది.

1968 ఏప్రిల్ 20న వుల్వర్‌హాంప్టన్ ఎంపీ ఈనాక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో వలసల మీద విషం చిమ్మే ప్రసంగం చేశాడు. మరునాడే పార్టీ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ అతన్ని పదవి నుంచి తప్పించాడు. లండన్ రేవు కార్మికులు మాత్రం పావెల్‌కు మద్దతుగా పని ఆపి పార్లమెంటుకు ఊరేగింపుగా వెళ్లారు. కార్మికవర్గ ఐక్యత గురించి మాట్లాడేవాళ్లు ఈ ఊరేగింపును మరచిపోకూడదు.

పావెల్ ప్రాతినిధ్యం వహించిన ఆ వుల్వర్‌హాంప్టన్‌లోనే ఇప్పుడు ఒక బుద్ధ విహారం, అక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉన్నాయి. పంజాబ్‌లోని దోఆబా ప్రాంతం నుంచి, ముఖ్యంగా జలంధర్, హోషియార్‌పూర్ జిల్లాల నుంచి 1950ల తర్వాత వచ్చిన దళితులు ఆ చుట్టుపక్కల ఇనుప పోత కర్మాగారాల్లో పనిచేశారు. తెల్లవాళ్ల దృష్టిలో వాళ్లూ జాట్ సిక్కులూ ఒక్కటే, అందరూ 'ఏషియన్లు'. కర్మాగారం లోపల, పబ్బులో, పెళ్లి సంబంధాల్లో, గురుద్వారా యాజమాన్యంలో మాత్రం ఒక్కటి కాదు. అందుకే రవిదాసు గుడులు, వాల్మీకి సభలు, బౌద్ధ విహారాలు విడిగా వెలిశాయి. 2009 మేలో వియన్నాలోని రవిదాసు గుడిలో దాడి జరిగి సంత్ రామానంద్ హత్యకు గురయ్యాక, రవిదాసీయులలో ఒక పెద్ద భాగం తమది వేరే మతమని 2010లో ప్రకటించుకుంది. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 11 వేలమంది తమ మతాన్ని 'రవిదాసియా'గా రాయించుకున్నారు. ఫారంలో ఆ పేరుకు గడి లేదు, చేత్తో రాశారు.

బ్రిటన్ ప్రభుత్వం వలసవచ్చినవాళ్లను సముదాయాలుగా చూస్తుంది. ప్రతి సముదాయానికీ ఒక సంస్కృతి, దాని తరఫున మాట్లాడే కొందరు పెద్దలు. దీనివల్ల కొన్ని మంచి ఫలితాలూ వచ్చాయి. తలపాగా కట్టుకున్న సిక్కు విద్యార్థిని బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు స్కూలు చేర్చుకోకపోతే, 1983లో లార్డ్స్ సభ న్యాయమూర్తులు సిక్కులను ఒక జాతి సమూహంగా గుర్తించి వివక్ష నుంచి రక్షణ ఇచ్చారు. కానీ ఆ సముదాయం లోపల ఎవరు ఎవరిని తొక్కుతున్నారన్నది ఈ పద్ధతికి కనపడదు.

2010 సమానత్వ చట్టం ఈ లోపాన్ని సగమే ముట్టుకుంది. కావాలనుకుంటే మంత్రి కులాన్ని 'జాతి' నిర్వచనంలో చేర్చవచ్చని రాసింది. అదే ఏడాది ప్రభుత్వం చేయించిన పరిశోధన బ్రిటన్‌లో కుల వివక్షకు ఆధారాలున్నాయని చెప్పింది. దళిత సంఘాల ఒత్తిడితో 2013లో లార్డ్స్ సభ పట్టుబట్టి 'చేర్చవచ్చు' అన్నదాన్ని 'చేర్చాలి'గా మార్పించింది. కొన్ని హిందూ సంస్థలు తీవ్రంగా వ్యతిరేకించాయి. బ్రిటన్‌లో కులం లేదన్నాయి. చట్టంలో ఆ మాట పెడితే హిందువులందరికీ మచ్చ పడుతుందన్నాయి. లేని దాన్ని నిషేధిస్తే నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. ఇక్కడే సంస్కృతి గౌరవం అనే మాట రెండంచుల కత్తిలా పనిచేసింది. తెల్ల జాత్యహంకారం నుంచి కాపాడమని అడిగిన నోరే, తనవాళ్ల చేతిలో దెబ్బ తిన్నవాళ్లను మౌనంగా ఉండమంది.

ఈలోగా ఒక కేసు నడిచింది. బిహార్ నుంచి ఇంటిపనికి తీసుకొచ్చిన ఆదివాసీ క్రైస్తవ మహిళ నాలుగేళ్లకు పైగా ఒక భారతీయ కుటుంబంలో వారమంతా చాకిరీ చేసింది. గంటకు పడిన కూలి 11 పెన్నీలు. పడక నేల మీద. 2014 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్, కొన్ని సందర్భాల్లో కులం 'జాతి మూలం' కిందికి రావచ్చని చెప్పింది. 2015లో ఆమెకు బకాయి కూలి కింద 1,83,000 పౌండ్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది.

గెలుపే. కానీ ప్రభుత్వం దాన్నే సాకు చేసుకుంది. 2017లో ప్రజాభిప్రాయం కోరితే 16 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. కోర్టు తీర్పులే చాలు, కులం అన్న మాటను చట్టంలో చేర్చబోమని 2018 జూలైలో ప్రకటించింది. కొన్ని సందర్భాల్లో 'రావచ్చు' అన్న తీర్పు మీద ఆధారపడటమంటే, ప్రతి బాధితుడూ తన కులం ఆ 'జాతి మూలం'లో పడుతుందని ముందు రుజువు చేసుకోవాలి. ఆ తర్వాతే వివక్ష మాట. లాయరు ఖర్చు భరించలేనివాడికి ఆ దారి లేనట్టే.

చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్లే తెలుగు దళిత యువతకు ఇదంతా దూరపు చరిత్ర కాదు. అద్దె ఇంట్లో గది పంచుకునేటప్పుడు "మీ ఇంటిపేరేంటి? ఊళ్లో మీరు ఎవరు?" అని అడిగే తోటి తెలుగువాడికి సునాక్ గురించి జరిగిన చర్చ అన్యాయంగానే తోస్తుంది. తాను అడిగిందీ అదే ప్రశ్న అని మాత్రం తోచదు.

పనిచోట కులం పేరుతో వేధింపు ఎదురైతే తేదీలు, మాటలు, మెసేజ్‌లు వెంటనే భద్రపరచుకోవాలి. ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు నెలల్లోనే ముగుస్తుంది. అంతకంటే ముందు అకాస్ అనే రాజీ సంస్థకు తెలపాలి. సిటిజన్స్ అడ్వైస్ కేంద్రాల్లో ఉచిత సలహా దొరుకుతుంది. ఫిర్యాదులో కులం అని రాయడంతో పాటు 'జాతి మూలం' అని, సందర్భాన్ని బట్టి 'మతం' అని కూడా రాయాలి. చట్టంలో ప్రస్తుతానికి పేరున్నవి ఆ రెండే.