బీహారు మహాభూకంపము

1934వ సంవత్సరం జనవరి 15వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 13 నిమిషాలకు ఉత్తర బీహారులోను, నేపాలులోను భూమి కంపించినది. కొద్ది నిమిషాలలో ముంగేరు, ముజఫర్‌పూరు, దర్భంగా, మోతీహారి పట్టణాలు శిథిలమైనవి. నేపాలు రాజధాని కాఠ్మండులోను, పక్కనున్న భక్తపూరు, పాటన్ నగరాలలోను వేల ఇండ్లు కూలినవి. రెండు దేశాలలో కలిపి పదివేలమందికి పైగా మరణించారు. పట్టపగలు కావడంవల్ల పల్లెజనం పొలాలలో, ఆరుబయట ఉన్నారు. అదే ఏ అర్ధరాత్రో వచ్చి ఉంటే మృతుల సంఖ్య ఎన్నిరెట్లు పెరిగెడిదో ఊహింపవచ్చును.

ఈ భూకంపంలో ఒక వింత ఉన్నది. మోతీహారి ప్రాంతంనుండి సీతామఢి, మధుబని మీదుగా తూర్పునకు సుమారు 300 కిలోమీటర్ల పొడవున ఒక పట్టీలో ఇండ్లు కూలుటకు మారుగా పక్కకు ఒరిగినవి, నేలలో దిగబడినవి. భూమి నెఱ్ఱెలు విచ్చి నీరు, ఇసుక చిమ్మినవి. బావులు ఇసుకతో పూడినవి, పంట పొలాలపై ఇసుక మేటలు వేసినది. గోడలు ఒక్కసారిగా మీదపడక మెల్లగా దిగబడినందున, నష్టం ఇంత ఘోరంగా ఉన్నచోట ప్రాణాపాయం కొంత తగ్గినది. గంగకు దక్షిణపు ఒడ్డుననున్న ముంగేరులో అలా జరుగలేదు. అక్కడి ఇరుకు బజారులో ఇటుక మేడలు రెండువైపులనుండి కూలి, వీధి ఏదో ఇల్లు ఏదో తెలియకుండా పోయినది.

నేల నీరైపోవుట ఎట్లు? సముద్రపు ఒడ్డున తడి ఇసుకమీద నిలబడి కాళ్ళతో తొక్కి చూడండి. గట్టిగా ఉన్న ఇసుక క్షణంలో మెత్తబడి, నీరు పైకి ఊరును. ఇసుక రేణువులు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నంతసేపు బరువును మోయగలవు. కుదుపువల్ల వాటి పట్టు సడలినప్పుడు ఆ బరువంతా మధ్యనున్న నీటిపై పడును. ఆ ఒత్తిడికి నీరు ఇసుకను మోసుకొని పైకి తన్నుకొని వచ్చును. దీనిని ద్రవీభవనమందురు. గంగా మైదానం హిమాలయ నదులు తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడినది. భూగర్భజలం పైపైనే ఉండే అట్టి నేలకు ఇది సహజమైన బలహీనత.

భారత భూగర్భ పరిశీలనశాఖవారు వెంటనే తమ ఉద్యోగులను పంపి ఊరూరా వివరాలు సేకరించారు. డన్, ఆడెన్, ఘోష్, రాయ్ అను నలుగురు వ్రాసిన బృహన్నివేదిక 1939లో వెలువడినది. (ఈ ఆడెన్ ప్రసిద్ధ ఆంగ్లకవి ఆడెన్‌కు అన్న.) నేల దిగబడిన పట్టీనే వారు భూకంపానికి జన్మస్థానంగా తలచారు. అంతటి విధ్వంసం కండ్లకు కనబడుచుండగా అట్లు తలచుట సహజమే.

కాని భూకంపం పుట్టినచోటు వేరు, ఎక్కువ నష్టం జరిగినచోటు వేరు కావచ్చును. భూకంపలేఖినులలో నమోదైన తరంగాలను తరువాతివారు తిరిగి లెక్కకట్టగా దాని కేంద్రం తూర్పు నేపాలులో తేలినది. మరొక సాక్ష్యం పుస్తకరూపంలో లభించినది. బ్రహ్మశంషేర్ రాణా ఈ భూకంపంపై 1935లోనే నేపాలీ భాషలో ఒక గ్రంథం ప్రకటించారు. అందులోని నష్టం వివరాలను పాండే, మోల్నార్ అను శాస్త్రజ్ఞులు 1988లో పరిశీలించి, బ్రద్దలైన ప్రదేశం నేపాలు కొండల క్రిందనే ఉండవలెనని చూపారు. దేశభాషలో వ్రాసిన ఒక పుస్తకం అర్ధశతాబ్దం తరువాత శాస్త్రానికి అక్కరకు వచ్చినదన్నమాట! చివరకు 2013లో నేపాలు, ఫ్రాన్సు, సింగపూరు శాస్త్రజ్ఞులు హిమాలయ పాదంలో కందకాలు త్రవ్వి, 1934లో నేల పైవరకు తెగిన జాడను కనుగొన్నారు. ఆ తెగుదల 150 కిలోమీటర్లకు పైబడి ఉన్నదని వారి అంచనా. నేపాలు రాజు అభయమల్లుని బలిగొన్న 1255 నాటి భూకంపపు జాడ కూడ అక్కడనే దొరికినది.

మూలకారణం ఇది: భారత ఫలకం ఉత్తరానికి జరుగుచు హిమాలయాల క్రిందికి చొచ్చుకొనిపోవుచున్నది. నేపాలువద్ద ఈ చొరబాటు ఏటికి సుమారు 2 సెంటీమీటర్లు. గోరు పెరుగుటకన్న మెల్లనిది. అయితే రెండు ఫలకాలు ఒరుసుకొనేచోట రాపిడివల్ల కదలిక ఆగిపోవును, బిగువు మాత్రం శతాబ్దాల తరబడి కూడుచుండును. రాయి దానిని భరింపలేని క్షణాన ఒక్కసారిగా జారును. 1934లో సుమారు 8 పరిమాణంగల కంపం పుట్టినది అట్లే.

ఆ రోజులలో మరొక కారణం కూడ చెప్పబడినది. హరిజన యాత్రలో ఉన్న గాంధీజీ జనవరి 24న తిరునెల్వేలిలో మాట్లాడుతూ, అస్పృశ్యతా పాపానికి ఇది దైవదండనమన్నారు. అస్పృశ్యతను అంతగానూ నిరసించిన రవీంద్రనాథ ఠాకూరు ఈ మాటను అంగీకరించలేదు. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణం ఉండునని, వాటిని నీతితో ముడిపెట్టరాదని వాదించారు. గాంధీజీ ఆ ఖండనను తన ‘హరిజన్’ పత్రికలోనే ఫిబ్రవరి 16న ప్రకటించి, తన నమ్మకాన్ని తాను విడువలేదు. ఈ విషయంలో కవియే శాస్త్రజ్ఞుని పక్షాన నిలిచాడు. దండనమే అయితే ముంగేరు బజారులోని కూలివాడు, భక్తపూరు పసిబిడ్డ చేసిన పాపమేమి? గాంధీజీ మార్చిలో బీహారు వెళ్ళి బాధితుల నడుమ పనిచేశారన్నదీ మరువరాదు.

సహాయకార్యంలో ముందున్నవాడు బాబూ రాజేంద్రప్రసాద్. శిక్ష అనుభవిస్తూ, జబ్బుపడి పాట్నా ఆసుపత్రిలో ఉన్న ఆయన రెండు రోజులకు విడుదలై, బీహారు కేంద్ర సహాయసంఘాన్ని నడిపారు. ఇండ్లు కట్టించుటకన్న ముందు బావులలో ఇసుక తోడించవలసివచ్చినది. చక్కెర మిల్లులు దెబ్బతినగా, పొలంలో నిలిచిన చెరకు ఎండిపోకుండ ఎద్దుగానుగలను సమకూర్చారు. కాఠ్మండులో శిథిలాల నడుమ జుద్ధ సడక్ అను విశాలమైన వీధి వేశారు. భారత భూగర్భశాఖ 1935లో దేశానికి తొలి భూకంప మండలాల పటం తయారుచేసినది. ఇండ్లు కట్టుటకు భూకంప నిబంధనలు మాత్రం 1962కు గాని దేశీయ ప్రమాణంగా రాలేదు.

కాఠ్మండులోని ధరహరా బురుజు 1934లో కూలి, మరల కట్టబడినది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 పరిమాణపు భూకంపంలో అది మరల కూలినది. ఈసారి జారినది 1934లో తెగిన భాగం కాదు, దానికి పడమటనున్నది. ఆ జారుడు నేల పైవరకు రాకుండ లోతులోనే ఆగినది. కాఠ్మండు లోయ అడుగున ఉన్నది పూర్వమొకప్పటి సరస్సులో పేరుకొన్న మెత్తని మట్టి.