సంపాదించే కూతురు: ఒక కథ, ఐదు పేర్లు



మనవాళ్ళు నలుగురు కూడిన చోట పాత సినిమాల మాట వస్తే ‘అంతులేని కథ’ పేరు రాక మానదు. జయప్రద నటన, రజనీకాంత్ మొదటి తెలుగు సినిమా, ఆత్రేయ పాటలు. ఈ మూడూ చెప్పుకున్నాక మాట ఆగిపోతుంది. ఆ సినిమాను జనం ఎలా తీసుకున్నారు, దేన్ని మెచ్చారు, దేన్ని తప్పుపట్టారు అన్నది వేరే చరిత్ర. అది మన ఇళ్ళ చరిత్ర కూడా. అందుకని కొంచెం పొడుగైనా రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ఈ కథ ముందు తమిళంలో వచ్చింది. 1974లో కె. బాలచందర్ తీసిన ‘అవళ్ ఒరు తొడర్‌కదై’. ఆయన సినిమాల్లోకి రాకముందు మద్రాసు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పనిచేసినవాడు. ఒకటో తారీకు జీతం పదో తారీకుకే ఎలా కరిగిపోతుందో మన గుమాస్తాలకు తెలిసినట్టే ఆయనకూ తెలుసు. కథ మీకు తెలిసిందే. తండ్రి సంసారం వదిలి సన్యాసుల్లో కలిసిపోయాడు. అన్న తాగుబోతు. అతని భార్యాబిడ్డలు, తల్లి, విధవ చెల్లెలు, చూపులేని తమ్ముడు, అందరికీ కలిపి ఒక్క ఆడపిల్ల జీతం. తమిళంలో ఆ పాత్ర సుజాత వేసింది. 1976లో బాలచందరే తెలుగులో మళ్ళీ తీసినప్పుడు రాజమండ్రి అమ్మాయి జయప్రద వేసింది. అన్న పాత్ర రజనీకాంత్‌ది.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి పేరు దగ్గర ఒక మాట చెప్పాలి. ‘తొడర్‌కదై’ అంటే వారపత్రికలో వచ్చే సీరియల్. ఆ రోజుల్లో తమిళనాట ఇంటింటా వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, కుట్టించి దాచుకునేవాళ్ళు. తమిళ పేరు ఆ పిల్లనే సీరియల్ అంటుంది. ఈ వారంతో అయిపోదు, వచ్చే వారమూ ఉంటుంది. తెలుగులో ‘అంతులేని కథ’ అన్నప్పుడు ఆమె పక్కకు జరిగి, కథ ముందుకొచ్చింది. వినడానికి ఇంపుగానే ఉంది గానీ ‘ఆమె’ అన్న మాట పోయింది.

ఈ సినిమా మీద ఇప్పటిదాకా వినబడే విమర్శలు ముఖ్యంగా రెండు. మొదటిది, ఆ పిల్ల నోరు మంచిది కాదని. ఇంట్లో అందరినీ సూటిపోటి మాటలంటుంది, పెట్టే అన్నం కంటే మాటే ముందు వస్తుంది అంటారు. మన సినిమాల్లో అంతకుముందు త్యాగం చేసే ఆడవాళ్ళు లేరని కాదు. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని నోరు మూసుకునేవాళ్ళు. ఈమె త్యాగమూ చేస్తుంది, కోపమూ దాచుకోదు. చాలామందికి మింగుడుపడనిది అదే. నా లెక్కలో సినిమాకు ప్రాణం కూడా అదే.

రెండోది ముగింపు గురించి. పెళ్ళి రోజున అన్న హత్యకు గురవుతాడు. తన పెళ్ళి చెల్లెలికి జరిపించి, ఆమె మళ్ళీ ఆఫీసుకు బస్సెక్కుతుంది. ఇది త్యాగాన్ని నెత్తిన పెట్టుకోవడమేనని, ఆడదానికి మరో దారి చూపలేదని కొందరంటారు. ఈ విమర్శలో న్యాయముంది. అయితే దీనికి జవాబు వెతకాలంటే ఒకసారి బెంగాల్ వెళ్ళి రావాలి.

1960లో ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ తీశాడు. దేశవిభజన తర్వాత కలకత్తా శివార్లకు చేరిన శరణార్థి కుటుంబం. పెద్దమ్మాయి నీత సంపాదనతో ఇల్లు నడుస్తుంది. ఆమె ప్రేమించినవాడు చెల్లెల్ని చేసుకుంటాడు. చివరికి క్షయ వచ్చి నీత షిల్లాంగ్ కొండల్లోని ఆసుపత్రికి చేరుతుంది. బాలచందర్ సినిమాను దీనితో పోల్చనివాళ్ళు తక్కువ. నీత చెప్పు తెగడం మొదట్లోనే చూస్తాం. ఆఖర్న అదే దారిలో ఇంకో అమ్మాయి చెప్పు తెగుతుంది. అంటే కథ ఇంకో ఇంట్లో మొదలైంది. ‘తొడర్‌కదై’ అన్న మాటకు అంతకంటే మంచి అర్థం నాకు దొరకలేదు.

ఘటక్ ఆ పిల్లను జబ్బుపాలు చేశాడు. మనం ఏడ్చి బయటికి రావచ్చు. బాలచందర్ ఆమెను బతికించి ఆఫీసుకు పంపాడు. ఏడ్చి తేలికపడే వీలు కూడా మనకు ఇవ్వలేదు. ముగింపు ఆమెకు హారతి పట్టడం కాదనీ, ‘ఇదిగో, మళ్ళీ మొదలు’ అని చూపించడమేననీ నేననుకుంటాను.

ఈ కథ ఇంకా తిరిగింది. 1977లో బెంగాలీలో ‘కబితా’. 1982లో తాతినేని రామారావు హిందీలో రేఖతో ‘జీవన్ ధారా’. 1983లో కన్నడంలో బాలచందరే సుహాసినితో ‘బెంకియల్లి అరళిద హూవు’, అంటే నిప్పులో పూసిన పువ్వు. కర్ణాటక సభ్యులకు ఇది బాగా గుర్తుంటుంది. ఒకచోట సీరియల్, ఒకచోట అంతులేనిది, ఒకచోట ప్రవాహం, ఒకచోట పువ్వు. బెంగాలీలో మాత్రం ఆమె పేరే సినిమా పేరు. ఆమెను పువ్వు అన్నామంటే నిప్పు ఎవరు పెట్టారని అడగడం మరిచిపోతాం.

ఇంకొకటి గమనించండి. తమిళంలో కణ్ణదాసన్, తెలుగులో ఆత్రేయ రాసిన వేదాంతం పాట, రెండింటా యేసుదాసు పాడినది, తాగుబోతు అన్నకు ఇచ్చినది. మన కచేరీల్లో ఈనాటికీ చప్పట్లు దానికే. పనిచెయ్యనివాడి వేదాంతం మనకు నోటికి వచ్చు. పనిచేసినదాని బస్సు ప్రయాణం ఎంతమందికి గుర్తుంది?

రైల్వేలో జీతం నోట్లుగా చేతికిచ్చే రోజుల్లో మా సెక్షన్‌లో ఒకావిడ ఉండేవారు. జీతం తీసుకున్న వెంటనే కూర్చుని అద్దెకు, తమ్ముడి ఫీజుకు, తండ్రి మందులకు విడివిడి కవర్లలో పెట్టేవారు. తన పేరున కవరు ఉండేది కాదు. పెళ్ళి కాకుండానే రిటైరయ్యారు. ఆ రోజు అందరూ ఆవిణ్ణి దేవత అన్నారు. ఆవిడ నవ్వి, ‘దేవతకు పెన్షన్ ఫారాలు ఎవరు నింపుతారండీ?’ అన్నారు.

ఇప్పటికీ మన పెళ్ళిసంబంధాల రిజిస్టర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి పేరు పక్కన ‘తమ్ముడు సెటిలయ్యాక’ అని రాయించేవాళ్ళు ఉన్నారు. తమ్ముడి పేరు పక్కన ‘అక్క పెళ్ళయ్యాక’ అని రాయించినవాళ్ళు నాకు కనబడలేదు. వార్షికోత్సవంలో అలాంటి అమ్మాయికి శాలువా కప్పడం సులువు. ఆ ఇంటికి ఇద్దరు పెద్దమనుషులు వెళ్ళి, ‘అబ్బాయి ఏం తెస్తున్నాడు, అమ్మాయి పేరున బ్యాంకులో ఏముంది?’ అని అడగడం కష్టం. ఆ కష్టమైన పని మన సంఘం చెయ్యాలని నా ప్రతిపాదన. వచ్చే కమిటీ మీటింగులో పెడతాను. ఒప్పుకునేవాళ్ళూ, ఒప్పుకోనివాళ్ళూ ఇద్దరూ రండి.