కారు డిజైన్‌లో సరోగేట్ మోడళ్లు: గంటల లెక్క క్షణాల్లో, ఎంతవరకు నమ్మొచ్చు?

గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు అడ్డంకిని ఢీకొని నలిగిపోవడానికి సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. అదే ఘటనను కంప్యూటర్‌లో లెక్కగట్టాలంటే గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా నడుస్తుంది. కారు బాడీని లక్షల సంఖ్యలో చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత వంగిందో, పక్క ముక్కను ఎంత నెట్టిందో సెకనులో పది లక్షలో వంతు చొప్పున ముందుకు జరుగుతూ లెక్కించాలి. మొత్తం లక్షకు పైగా అడుగులు. 1960లో అమెరికన్ ఇంజనీరు రే క్లఫ్ ‘ఫైనైట్ ఎలిమెంట్’ అని పేరు పెట్టిన పద్ధతి ఇదే. వంతెనల నుంచి విమానాల దాకా నేటి డిజైన్ చాలావరకు దీని మీదే నడుస్తోంది.

ఒక్క డిజైన్‌ను పరీక్షించడానికి ఒక రాత్రి పట్టినా ఫర్వాలేదు. చిక్కంతా మంచి డిజైన్‌ను వెతకడంలో ఉంది. బాడీలో పది భాగాల రేకు మందాన్ని మార్చి చూడాలనుకుందాం. ఒక్కో భాగానికి మూడు మందాలే ఉన్నా 59,049 రకాల కార్లు తయారవుతాయి. ఒక్కో సిమ్యులేషన్‌కు 12 గంటల చొప్పున ఒకదాని తర్వాత ఒకటి నడిపితే సుమారు 81 ఏళ్లు పడుతుంది. వంద పనులు ఒకేసారి నడపగల కంప్యూటింగ్ శక్తి ఉన్నా దాదాపు పది నెలలు పడుతుంది.

ఈ ఇరుకులోంచి బయటపడే దారే సరోగేట్ మోడల్, అంటే అసలు లెక్కకు బదులు నిలబడే మోడల్. కొన్ని వందల డిజైన్లకు మాత్రం పూర్తి సిమ్యులేషన్ నడుపుతారు. ఏ మందాలు ఇస్తే ఏ ఫలితం వచ్చిందో ఆ జంటలతో మోడల్‌కు శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత కొత్త డిజైన్ ఇస్తే భౌతిక సమీకరణాల జోలికి పోకుండా, క్షణంలో ఫలితాన్ని ఊహించి చెబుతుంది. లక్ష డిజైన్లయినా ఒక పూటలో జల్లెడ పట్టవచ్చు.

బంగారు గనుల్లో పుట్టిన లెక్క

ఏఐ మోజు వల్ల ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచనలా కనిపిస్తుంది గానీ, దీని మూలం 1951 నాటిది. దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు డానీ క్రీగే, కొద్దిచోట్ల తవ్వి తీసిన శాంపిళ్లను బట్టి మిగతా నేలలో బంగారం ఎంత ఉంటుందో అంచనా వేసే పద్ధతి కోసం శ్రమించారు. ఫ్రెంచి గణితవేత్త జార్జ్ మాథెరాన్ తర్వాత దానికి గణిత రూపమిచ్చి, ఆయన పేరు మీదే ‘క్రీగింగ్’ అన్నారు. 1989లో జెరోమ్ శాక్స్, ఆయన సహ రచయితలు కంప్యూటర్ ప్రయోగాల రూపకల్పనపై రాసిన పత్రంతో ఇది ఇంజనీరింగ్ డిజైన్‌లో స్థిరపడింది. క్రీగింగ్ అంచనాతో పాటు ఆ అంచనాపై తనకెంత అనుమానం ఉందో కూడా చెబుతుంది. శాంపిళ్లకు దగ్గరగా అనుమానం తక్కువ, దూరం వెళ్లేకొద్దీ ఎక్కువ. నేడు మార్కెట్లో మెరిసే అనేక ఏఐ సాధనాలు ఈ రెండో సంగతిని అడిగితే గానీ చెప్పవు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. డిజైన్ అనే గిన్నెలో అన్ని మూలలా మంట ఒకేలా ఉండదు కాబట్టి ఒక్క మెతుకు చాలదు, ఒకేచోట తీసిన వంద మెతుకులూ చాలవు. అందుకే శాంపిళ్లు అన్ని వైపులా పరచుకునేలా ఎంచుకునే పద్ధతులు వచ్చాయి. 1979 నాటి ‘లాటిన్ హైపర్‌క్యూబ్’ వాటిలో అందరికీ తెలిసినది.

కొత్తదనం ఉన్నది మోడల్ ఊహించే ఫలితంలోనే. పాత సరోగేట్‌లు కొద్దిపాటి అంకెలు తీసుకుని ఒకటి రెండు అంకెలు తిరిగిచ్చేవి. 2020లో డీప్‌మైండ్ పరిశోధకులు ప్రకటించిన మెష్‌గ్రాఫ్‌నెట్స్ వంటి న్యూరల్ నెట్‌వర్క్‌లు ముక్కలుగా విభజించిన ఆకృతిని నేరుగా తీసుకుని, దాని మీద ఒత్తిడి ఎక్కడెక్కడ ఎంతుందో పటం గీసినట్టు ఇస్తాయి. వీటికి మేత ఎక్కువ కావాలి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం 2024లో విడుదల చేసిన డ్రైవ్‌ఏర్‌నెట్++ అనే డేటాలో 8,000 కారు ఆకృతుల చుట్టూ గాలి ప్రవాహం లెక్కలున్నాయి. దాని తయారీకి 30 లక్షల ప్రాసెసర్ గంటలు ఖర్చయ్యాయి. క్షణంలో వచ్చే జవాబు వెనక ఎవరో ఒకరు ముందే చెల్లించిన బిల్లు ఇది. ఒకటి రెండు డిజైన్లే చూడాల్సిన చోట ఈ ఖర్చు తిరిగి రాదు.

ఎక్కడ తప్పుతుంది?

గాలి ప్రవాహంలో సగటు నిరోధం లాంటివి డిజైన్‌తో పాటు చాలావరకు మెల్లగా మారతాయి. ఢీకొనడం అలాంటిది కాదు. ఇంజిన్‌కు రెండు పక్కలా ముందుకు చాచి ఉండే ఉక్కు దూలాలు హార్మోనియం తిత్తిలా ముడతలు పడుతూ శక్తిని మింగాలి. మందం కొద్దిగా మారితే అదే దూలం ముడతలు పడకుండా మధ్యలో మోకాలులా వంగిపోవచ్చు. అప్పుడు మింగే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. రెండు రకాల ఫలితాలనూ చూసిన సరోగేట్ చాలాసార్లు వాటి మధ్య నున్నటి గీత గీస్తుంది. ముడత పడటానికీ వంగడానికీ మధ్యస్థమైన ఆ ప్రవర్తన ఏ కారులోనూ జరగదు.

దీనికి తోడు ఆప్టిమైజర్ ఉంది. అది ఉత్తమ డిజైన్ కోసం వెతుకుతూ, సరోగేట్ ఎక్కడ అతిగా మెచ్చుకుంటోందో అక్కడికే నడుస్తుంది. లక్ష డిజైన్లలో మోడల్ పది చోట్ల పొరబడితే, ఆ పదీ విజేతల జాబితాలో పైకి తేలే అవకాశం ఉంది. సగటు తప్పు ఒక శాతమే అని చెప్పే బ్రోచర్ ఈ సంగతి చెప్పదు. అందుకే పద్ధతి తెలిసిన బృందాలు సరోగేట్ ఎంచిన డిజైన్లను మళ్లీ పూర్తి సిమ్యులేషన్‌కు పంపి, ఆ ఫలితాలతో మోడల్‌కు తిరిగి నేర్పుతాయి. అనుమానం ఎక్కువున్న చోటా, లాభం కనిపిస్తున్న చోటా కొత్త శాంపిళ్లు వేస్తాయి. సరోగేట్ వెతికేందుకు, సిమ్యులేషన్ తీర్పు చెప్పేందుకు. ఈ రెండో భాగాన్ని ఖర్చు పేరుతో కోసేయడంలోనే ప్రమాదమంతా ఉంది.

ఆ తీర్పరి కూడా తప్పు చేయవచ్చు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్-ఏ చమురు వేదిక కాంక్రీటు పునాది పరీక్ష సమయంలో నీట మునిగింది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో మెష్ సరిగా లేక, గోడల్లో కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా అంచనా వేసినట్టు దర్యాప్తులో తేలింది. జాగ్రత్తగా తిరిగి లెక్కిస్తే 62 మీటర్ల లోతులో విరుగుతుందని వచ్చింది, నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. ఆ మొదటి లెక్కలాంటి వాటితో శిక్షణ పొందిన సరోగేట్ అదే 47 శాతం తప్పును మరింత వేగంగా, మరింత ధీమాగా చెబుతుంది.

వేగం గురించిన ప్రకటనలనూ తూచి చూడాలి. నిక్ మెక్‌గ్రీవీ, అమ్మార్ హకీమ్ 2024లో నేచర్ మెషిన్ ఇంటెలిజెన్స్‌లో ప్రచురించిన సమీక్ష, ప్రవాహ సమీకరణాల్లో మెషీన్ లెర్నింగ్ పాత పద్ధతులను మించిందని చెప్పిన 76 పత్రాలను పరిశీలించింది. వాటిలో 60 బలహీనమైన పాత పద్ధతితో పోల్చుకున్నవే. వెయ్యి రెట్ల వేగం అన్నప్పుడు దేనికంటే అని అడగడం కొనుగోలుదారు హక్కు.

భారత్‌కు దీంతో పని ఏమిటి?

2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు నిజమైన కారును గుద్దించే ఇస్తుంది. కాబట్టి సరోగేట్ తప్పు ఏదో ఒక దశలో బయటపడక తప్పదు. అయితే పరీక్షలో గుద్దేది కొన్ని నిర్ణీత కోణాల్లోనే. రోడ్డు మీద ప్రమాదానికి అలాంటి నియమం లేదు.

హైదరాబాద్, బెంగళూరు, పుణె ఇంజనీరింగ్ సేవల సంస్థలకు ఇంకో లెక్క ఉంది. విదేశీ కంపెనీల కోసం మెష్ తయారుచేయడం, సిమ్యులేషన్లు నడపడం ఇక్కడ వేలమంది చేసే పని. హైదరాబాద్‌లోని సైయంట్ లాంటి సంస్థలు విమాన ఇంజిన్ల డిజైన్ సేవలు కూడా అందిస్తూ ఎదిగాయి. గంటల లెక్కన బిల్లు వేసే చోట, గంటలను క్షణాలు చేసే సాధనం ఆదాయాన్నే తాకుతుంది. సరోగేట్‌కు ముడిసరుకు పాత సిమ్యులేషన్ల భాండాగారం. దాన్ని నడిపింది ఇక్కడి ఇంజనీర్లు, హక్కు మాత్రం సాధారణంగా ఒప్పందం ప్రకారం క్లయింట్‌ది. ఆ డేటాతో శిక్షణ ఇచ్చిన మోడల్ ఎవరిది, దాని తప్పుకు సంతకం పెట్టేది ఎవరు అన్న షరతులు కొత్త ఒప్పందాల్లో స్పష్టంగా రాసుకోకపోతే, తర్వాత బేరమాడటానికి చేతిలో ఏమీ మిగలదు.