ఒడిలోని యంత్రము, బల్లమీది తెరలు

ల్యాప్‌టాపు కొన్నవారు కొన్నాళ్లకే మఱియొక తెరను కోరుట నేడు సర్వసాధారణమైనది. 2020 మార్చిలో దేశమంతటను రాకపోకలు నిలిచిపోయి, హైదరాబాదు, విశాఖపట్టణముల కార్యాలయములలోని పని ఇండ్లకు తరలినప్పుడు, భోజనపు బల్లలమీదికి మానిటర్లు వచ్చి చేరినవి. రెండు తెరలు తెచ్చి, రెండు తీగలు తగిలింపగా, ఒకటి వెలిగి రెండవది నల్లగా నిలిచిపోయిన యిండ్లును కలవు. అట్టివారు మొదట తీగను తిట్టిరి, పిదప అంగడివానిని తిట్టిరి. చాలవరకు తప్పు ఆ రెంటిదియు కాదు. ఎన్ని తెరలకు వేర్వేరు చిత్రములు పంపవచ్చునో నిర్ణయించునది పెట్టెలోపలి యంత్రము. పెట్టె అంచున ఎన్ని రంధ్రములున్నవన్నది వేఱు మాట. ఈ భేదము నేటిది కాదు. మోసికొనిపోవు కంప్యూటరు పుట్టిననాటినుండియు ఉన్నదే.

అట్టి కంప్యూటరులలో విరివిగా అమ్ముడుపోయిన మొదటిది ఆస్‌బర్న్ 1. దానిని 1981 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించిరి. వెల 1,795 డాలర్లు, బరువు సుమారు 11 కిలోలు. ఒడిలో పెట్టుకొనదగినది కాదు. కుట్టుమిషను పెట్టెవలె పిడి పట్టుకొని మోయవలసినదే. దానిని తయారుచేయించిన ఆడమ్ ఆస్‌బర్న్ మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణమహర్షి భక్తుడు, మహర్షి జీవితమును ఆంగ్లమున వ్రాసినవాడు. ఆడమ్ చిన్నతనము తిరువణ్ణామలైలో గడచెను. 2003లో ఆయన కొడైకెనాలులో కన్నుమూసెను.

ఆ యంత్రమున తెర 5 అంగుళములు మాత్రమే. వరుసకు 52 అక్షరములు పట్టును. పంక్తి అంతకంటె పొడవైనచో, గోడలోని చిన్న కిటికీని కుడియెడమలకు జరుపుచు వీధిని చూచినట్లు, తెరను జరుపుకొనుచు చదువవలెను. కన్నులు నొచ్చువారి కొఱకు పెద్ద మానిటరును తగిలించుకొను ఏర్పాటును ఉండెను. తగిలించినచో ఏమగును? అక్షరములు పెద్దవగును. వరుసకు 52 మాత్రము 52గానే నిలుచును! లోపలి పలకను మార్పించి, 80 అక్షరముల వరుసను అది తయారుచేయునట్లు చేయించుకొన్న పిదపనే పెద్ద తెర కొన్న ఫలము పూర్తిగా దక్కెను. బయటి తెరను గూర్చిన మొదటి పాఠము ఇదియే.

అదే సంవత్సరము ఆగస్టులో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడెను. ఇది బల్లమీది యంత్రమైనను, రెండు తెరల కథలో దీనికి స్థానమున్నది. అందు అక్షరములను స్పష్టముగా చూపు కార్డొకటి, రంగుబొమ్మలను చూపు కార్డొకటి విడివిడిగా అమ్మెడివారు. జ్ఞాపకశక్తిలో వాని చోట్లు వేఱగుటవలన రెండును ఒకే పెట్టెలో కలహింపక యిమిడినవి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అను లెక్కల ప్రోగ్రాము దీనిని చక్కగా వాడుకొనెను: ఒక తెరమీద అంకెల పట్టిక, రెండవదానిమీద ఆ అంకెల రేఖాచిత్రము. కాని ఆ రెండు తెరలు పక్కపక్కనున్న రెండు ఇండ్లవంటివి. నడుమ తలుపు లేదు.

ఆ తలుపు తెఱచినది 1987లో ఆపిల్ సంస్థ తెచ్చిన మాకింటాష్ 2. దానిలో కార్డులు పెట్టుటకు 6 అరలుండెను. ఎన్ని చిత్రపు కార్డులు పెట్టిన అన్ని తెరలు. విశేషమేమన, అన్ని తెరలును కలిసి ఒకే విశాలమైన బల్లగా పరిగణింపబడెను. మౌసును కుడికి తోసినచో బాణపుగుర్తు మొదటి తెర అంచు దాటి రెండవదానిలో ప్రవేశించును. ఒక కిటికీ సగమిటు, సగమటు నిలువగలదు. ఏ తెర ఎడమనున్నదో, ఏది పైనున్నదో యంత్రమునకు తెలియదు గనుక, చిన్న చిన్న చతురస్రములను చూపి, వానిని బల్లమీది తెరల వరుసలోనే అమర్పుమని యజమానిని కోరెను. నేటికిని ఏ ల్యాప్‌టాపులో చూచినను ఈ చతురస్రములే కనబడును. కుడినున్న తెరకు మౌసును ఎడమకు తోయవలసివచ్చినచో, ఆ బొమ్మలను సరిచేసికొనలేదని గ్రహింపవలెను. నాలుగు దశాబ్దములు కావచ్చుచున్నను ఇంతకంటె సులభమైన మార్గము ఎవరికిని తోచకపోవుట ఆ కల్పన గొప్పతనమునకు సాక్ష్యమని మా యభిప్రాయము.

1998లో విండోస్ 98 ఈ సౌకర్యమును సామాన్య కంప్యూటరులకు తెచ్చి, 9 తెరలవరకు అనుమతించెను. కాని కార్డులు గ్రుచ్చుటకు చోటులేని ల్యాప్‌టాపు వెనుకబడెను. దాని వెనుక ఒక వి.జి.ఎ. రంధ్రముండెడిది, ఉపన్యాసశాలలోని ప్రొజెక్టరుకు తగిలించి, ఉన్న చిత్రమునే గోడమీద చూపుటకే అది ఎక్కువగా ఉపయోగపడెను. కొన్నిచోట్ల శక్తియుండియు తలుపు మూసియుంచిరి. 2003 నాటి ఐబుక్ జి4లో చిత్రములు చేయు చిప్పునకు రెండు వేర్వేరు చిత్రములను పంపు సామర్థ్యముండెను. తయారీదారు ఆ సౌకర్యమును వెల హెచ్చైన పవర్‌బుక్కులకే యుంచెను. ఔత్సాహికులు లోపలి అమరికనొకదానిని మార్చి తలుపు తెఱచుకొనిరి.

తీగల సంగతియు కొంత చెప్పవలెను. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరలో 20,73,600 చుక్కలున్నవి. వానిని సెకనుకు 60 మారులు, చుక్కకు 24 బిట్ల చొప్పున పంపుటకు సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు ప్రవహింపవలెను. 4కె అని పిలువబడు తెరకు ఇంతకు నాలుగింతలు కావలెను. 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్టు 1.2 సెకనుకు సుమారు 1,700 కోట్ల బిట్లను మోయును. కనుక ఒకే తీగమీద గొలుసుగా సామాన్యమైన తెరలు కొన్ని నడచును. అట్టి 4కె తెరలు రెండు నడువవు. 2014లో రూపొందిన యు.ఎస్.బి. సి రంధ్రము చిత్రమును, సమాచారమును, విద్యుత్తును ఒకే తీగలో తెచ్చినది, మేలే. కాని ఆకారమొకటే గాని అన్ని సి రంధ్రములు చిత్రమును పంపవు.

దీనికి 2020 నవంబరున ప్రబలమైన ఉదాహరణ దొరికినది. ఆపిల్ ఎం1 చిప్పుతో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌కు రంధ్రములు రెండు, బయటి తెర మాత్రము ఒక్కటే. వేగమున అది ప్రఖ్యాతి గాంచినదే. అయినను అంతకుముందరి ఇంటెల్ యంత్రముతో రెండు తెరలు నడిపినవారు నిర్ఘాంతపోయిరి. అప్పుడు డిస్‌ప్లేలింక్ అను పద్ధతి పలువురిని ఆదుకొనెను. అందు చిత్రమును కంప్యూటరే ప్రోగ్రాముతో కుదించి సాధారణ సమాచారమువలె పంపును. తీగ చివరనున్న పెట్టెలోని చిప్పు దానిని విప్పి తెరకు అందించును. ఉత్తరముల పనికి ఇది చాలును. వేగముగా కదలు బొమ్మలకు అంత అనుకూలము కాదు.

ఇట్టివి కొనువారు అంగడిలో రంధ్రములను లెక్కింపక, ఆ నమూనా వివరపట్టికలో ఎన్ని బయటి తెరలకు, ఎంత పరిమాణమున చిత్రములు పంపునని వ్రాసియున్నదో చూడవలెను. ఆ అంకె మారుచునే వచ్చినది. 2024లో ఎం3 ఎయిర్ రెండు బయటి తెరలను నడిపెను గాని, తన మూత మూసియున్నప్పుడే. 2025 మార్చిలో వచ్చిన ఎం4 ఎయిర్ మూత తెఱచియుండగనే రెండింటిని నడుపుచున్నది.