రొమ్ము మీద సిలువ

నరసాపురములో కంసాలిని బంగారు సిలువ చేయుమంటే మొదట అడుగు మాట, "గట్టిదా, బోలుదా?" అని. బోలుదైతే బంగారము తక్కువ పట్టును. వెయ్యేండ్ల క్రిందట బైజాంటియము క్రైస్తవులు మెడలో వేసికొన్నవి కూడ బోలు సిలువలే. అయితే అది పొదుపు కొరకు కాదు.

కాన్‌స్టాంటినోపుల్, అనగా నేటి ఇస్తాంబుల్, రాజధానిగా వర్ధిల్లిన తూర్పు రోమా సామ్రాజ్యమే బైజాంటియము. 9 నుండి 12వ శతాబ్దము వరకు అక్కడ కంచు సిలువలు విరివిగా పోతపోసిరి. రెండు బిళ్లలను పైన, క్రింద మడతబందులతో కలిపి మూయుదురు. తరచుగా ఒక ప్రక్క పొడుగు అంగీతో సిలువపైనున్న క్రీస్తు, రెండవ ప్రక్క చేతులెత్తి ప్రార్థించు మరియమ్మ. లోపల పరిశుద్ధుల ఎముక తునకో, కొయ్యముక్కో, పవిత్రస్థలపు మన్నో ఉంచెడివారు. గ్రీకులో దీనికి ఎంకోల్పియన్ అని పేరు. రొమ్ము మీదిది అని అర్థము. గొప్పవారికి బంగారువి ఉండెను. 811లో పేట్రియార్కు నికెఫోరస్ రోమా పోపు మూడవ లియోకు అట్టిదొకటి కానుకగా పంపెను.

"ఇది తాయెత్తు కాదా?" అని మన పెద్దలు అడుగుదురు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చి ఈ డెల్టాలో వాక్యము ప్రకటించిన బౌడెన్, బీర్ దొరల సంఘములలో అవశేషములను పూజ్యముగా దాచు ఆచారమే లేదు. ప్రశ్న న్యాయమైనదే, క్రొత్తది మాత్రము కాదు. 4వ శతాబ్దములో అంతియొకయలో బోధించిన యోహాను క్రిసోస్తము, ఒకనాడు శాపచిహ్నమైన సిలువ కొయ్యను స్త్రీపురుషులు బంగారములో పొదిగి మెడలో వేసికొనుట చూచి ఆశ్చర్యపడెను. ఆయనే, రక్షణకై అలెగ్జాండరు నాణెములు కట్టుకొను క్రైస్తవులను గట్టిగా మందలించెను. ధరించువారి మనస్సును బట్టియే అది భక్తియో తాయెత్తో అగునని నా అభిప్రాయము.

మాక్రీనమ్మ సంగతి చూడుడి. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో వినబడు పొంతు సీమలో ఆమె కన్యల మఠము నడిపినది. నిస్సా బిషప్పు గ్రెగొరీకి అక్క. 379లో ఆమె చనిపోగా, దేహమును సిద్ధపరచుచున్న వెతియానా అను స్త్రీకి మెడలో సన్నని దారము తగిలినది. దానికి ఇనుప సిలువ, ఇనుప ఉంగరము! బంగారము కాదు, వెండి కాదు. సొంత తమ్మునికే ఆ సంగతి తెలియదు. అక్క ఆస్తిని పంచుకొందమని చెప్పి గ్రెగొరీ సిలువను వెతియానాకిచ్చి, తాను ఉంగరము తీసికొనెను. అప్పుడామె చెప్పినది: ఆ ఉంగరము బోలుది, లోపల క్రీస్తు సిలువ కొయ్య తునక ఉన్నదని.