మానసిక చికిత్సాలయములలో పొగాకు : కిన్వట్ సీమ నుండి ఒక పరిశీలన

పెన్‌గంగా తీరపు కిన్వట్ తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్ర పునర్విభజనతో నాందేడు జిల్లాలో చేరినను, తెలుగు, మరాఠీ, గోండీ భాషలు అచట నేటికిని కలిసియే వినవచ్చును. ఆ యడవులలో వేసవియందు సేకరించు తునికాకు బీడీకి పైపొర. బీడీ సిగరెట్టుకంటె సాధువైనదని కొందఱి తలంపు. కాని దాని పొగలో నికొటిను, తారు తక్కువ గావు. చేరువలో దొరకు ఈ పొగకు మనోవ్యాధిగ్రస్తులు ఇతరులకంటె హెచ్చుగా లోబడుట ఎల్లదేశములందును కానవచ్చుచున్నది. ఇందుకు వ్యాధి యొక్కటియే కారణమా?

చరిత్ర వేఱుగా చెప్పుచున్నది. నిజాం రాజ్యపు మానసిక చికిత్సాలయము జాల్నాలో నుండెను. 1953లో హైదరాబాదునందలి ఎర్రగడ్డకు తరలెను. ఆ యుగపు చికిత్సాలయములలో, ఇంగ్లండునందేమి, భారతదేశమునందేమి, పని చేసిన రోగికి పొగాకును బహుమానముగా నిచ్చు వాడుక యుండెను. 1960ల దశకమున అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు ఆనా చికిత్సాలయమున రోగులు సత్ప్రవర్తనకు బిళ్ళలు సంపాదించి, వానితో సిగరెట్లు కూడ కొనుచుండిరి. ఇట్లు పొగాకు కూలియు, క్రమశిక్షణ సాధనమునునాయెను. వ్యసనమును కొంతవఱకు ఆలయములే పెంచినవి.

పొగ మనసునకు శాంతి నిచ్చునను వాదమును సిగరెట్టు కంపెనీలు ధనమిచ్చి పోషించినవి. ఆ శాంతి పెక్కుమారులు నికొటిను కొఱతవలన కలిగిన తపన తీరుటయే. పొగ మానినవారిలో ఆందోళన, దిగులు తగ్గుచున్నవని 2014లో వెలువడిన పరిశోధనల సమీక్ష తేల్చినది. మఱియొక విశేషము: పొగలోని తారు కాలేయమును పురికొల్పి, క్లోజపిన్ వంటి మందులను త్వరగా విఱుగజేయును, పొగ త్రాగువానికి మోతాదు హెచ్చుగా కావలసివచ్చును. అతడు హఠాత్తుగా మానినచో అదే మోతాదు విషతుల్యము కావచ్చును. కావున మాన్పించుట వైద్యుని పర్యవేక్షణలో జరుగవలెను.

తీవ్ర మనోవ్యాధి గలవారు సాటివారికంటె పెక్కేండ్లు ముందుగా మరణించుచున్నారు; గుండెజబ్బు, శ్వాసకోశవ్యాధులు అందుకు ముఖ్యకారణములు. "పాపము, వానికి అదొక్కటే సుఖము" అని బీడీ చేతికిచ్చు బంధువుల దయ ఆయుర్దాయమును హరించును. కిన్వట్ వంటి బహుభాషాసీమలలో ఈ హితవు రోగి యింటిభాషలో, తెలుగువానికి తెలుగుననే, అందవలెను. రాజ్యపు టెల్లలు మారినను రోగి మాట మారదు. పూర్వము పొగాకును బహుమానముగా నిచ్చిన వ్యవస్థయే, దానిని విడుచుటకు సాయపడుట నేడు తన బాధ్యతగా గ్రహింపవలసియున్నది.