సూరత్ రైలుబాట, వలసపాట

బొంబాయి, బరోడా, సెంట్రల్ ఇండియా రైల్వే తన తొలి మార్గాన్ని 1860లో అంకలేశ్వర్ నుండి ఉత్రాన్ వరకు ప్రారంభించింది. ఉత్రాన్‌కు ఎదుట, తపతీనది ఆవలి ఒడ్డున సూరత్ నగరం ఉన్నది. కాలక్రమంలో అక్కడి మరమగ్గాలు వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నేతకార్మికులను ఆకర్షించాయి. స్వగ్రామాల్లో చేనేతకు గిరాకీ సన్నగిల్లగా పద్మశాలి కుటుంబాలెన్నో సూరత్‌లో స్థిరపడ్డాయి. వరంగల్ మీదుగా సూరత్ చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారికి పుట్టినూరి దారి.

వలస ఉన్నచోట రైలు పాటలోకి ప్రవేశిస్తుంది. భోజ్‌పురి స్త్రీల పాటల్లో భర్తను దూరంచేసే రైలు వైరి. సుదూర అమెరికాలోని బ్లూగ్రాస్ జానపద సంగీతంలోనూ ఇదే ధోరణి కానవస్తుంది. రౌజ్ సోదరులు 1939లో రికార్డు చేసిన ‘ఆరెంజ్ బ్లాసమ్ స్పెషల్’లో ఫిడేలు రైలుకూతను అనుకరిస్తుంది. ఆ పేరుగల రైలు 1953లో ఆగిపోయింది, పాట ఆగలేదు.

కారణం స్పష్టమే. మనిషిని ఇంటినుండి వేరుచేసేదీ, తిరిగి ఇంటికి చేర్చేదీ ఆ బండే. ఎడబాటు, ఆశ రెండూ ఒకే కూతలో వినిపిస్తాయి.

సూరత్‌లోని తెలుగు నేతన్నల వృద్ధతరం జ్ఞాపకాలను, వారి నోట నిలిచిన పాటలను సేకరించి భద్రపరచడం నేటి కర్తవ్యం. మగ్గం మారినా, ఊరు మారినా, పాట మరుగుపడరాదు.